ఖాళీ ఇల్లు, మారిన మాట: అద్దె వివక్షను ఆపాల్సింది ఏ ప్రభుత్వం?

శ్రీకాకుళంలో ఇల్లు వెతుక్కున్నవాళ్లకు ఆ ప్రశ్న బాగా తెలుసు. టు-లెట్ బోర్డు చూసి గేటు తీస్తాం. గదులు చూపిస్తారు, బోరు నీళ్లా కుళాయి నీళ్లా చెబుతారు, అద్దె, అడ్వాన్సు మాట్లాడతారు. అంతా కుదిరి, చెప్పులు వేసుకోబోతుంటే అడుగుతారు: "ఇంతకీ మీరేటోళ్లు బావూ?" అంటే కులమేమిటని. జవాబును బట్టి ఇల్లు మనదవుతుంది. లేదంటే, "అయ్యో, మా చెల్లెలి కొడుకు వస్తానన్నాడు, మర్చేపోయాను" అని వినిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో పనిచేసే ఒక మిత్రుడు విజయనగరంలో ఇల్లు వెతుకుతుంటే సాయం వెళ్లాను. పొద్దున ఆయన ఒక్కడే వెళ్లి అడిగితే ఇల్లు ఇచ్చేశామన్నారు. సాయంత్రం అదే వీధిలో నడుస్తూ, బోర్డు ఇంకా వేలాడుతోందని నేను వెళ్లి అడిగాను. తాళం తీసి రెండు గదులూ, వంటిల్లూ చూపించారు. మా ఇద్దరికీ తేడా ఏమిటో మాకు తెలుసు, ఆ ఓనరుకూ తెలుసు. అది నేరమో కాదో, నేరమైతే ఎవరికి చెప్పాలో మాత్రం మా ఇద్దరికీ తెలియలేదు.

ఇప్పటికీ చాలామందికి తెలియదు. తప్పు వాళ్లది కాదు. దీనికి సంబంధించిన అధికారం కొంత ఢిల్లీలో, కొంత అమరావతిలో, కొంత కలెక్టరేట్‌లో ఉంది. నగరపాలక సంస్థ దగ్గర దాదాపు ఏమీ లేదు. "నాకు ఇల్లు ఇవ్వలేదు" అనే ఒక్క ఫిర్యాదు ఎన్ని చోట్లకు వెళ్లగలదో, ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంపిక వేరు, వివక్ష వేరు, నేరం వేరు

అద్దెదారుని ఎంచుకునే హక్కు ఓనరుకు ఉంది. జీతమెంత, ఇంతకుముందు ఎక్కడున్నారు, ఇంట్లో ఎంతమంది ఉంటారు అని అడగడంలో తప్పు లేదు. అద్దె సరిగా కట్టరనిపిస్తే ఇవ్వనక్కర్లేదు. అది మనిషిని చూసి చేసే ఎంపిక. ఆ మనిషి ఎలాంటివాడో చూడకుండా, పుట్టిన కులాన్నో, మొక్కే దేవుణ్నో, శరీరాన్నో చూసి తలుపు వేస్తే అది వివక్ష.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వివక్ష అయిన ప్రతిదీ చట్టం దృష్టిలో నేరం కాదు. 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు', 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డులను నేరుగా నిషేధించే చట్టం మనకు లేదు. ఈ రెండో బోర్డు చాలాచోట్ల కులం పేరెత్తకుండా కులం అడగడమేనని ఇల్లు వెతికిన దళితులు, ముస్లింలు చెబుతూనే ఉన్నారు. నిజంగానే మాంసం వాసన పడని ఓనర్లూ ఉన్నారు. ఒకే బోర్డు వెనక రెండు రకాల మనసులు ఉండొచ్చు. చట్టం దగ్గరున్న మొదటి కష్టం ఇదే.

రాజ్యాంగం మన గేటు దాకా వస్తుందా?

15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి వివక్ష చూపకూడదంది. కానీ మొదటి క్లాజులో ఆ మాట చెప్పింది ప్రభుత్వానికి. మన వీధిలోని ఇంటి ఓనరు ప్రభుత్వం కాదు. రెండో క్లాజు ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది. అందులో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అంటూ ఒక జాబితా ఉంది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు.

2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, జాబితాలోని 'దుకాణం' అన్న మాటను విశాలంగా అర్థం చేసుకోవాలంది. డబ్బు తీసుకుని జనానికి సేవలందించేవాళ్లు కూడా అందులోకి రావచ్చన్నది ఆ తీర్పు సారం. అలాగైతే టు-లెట్ బోర్డు పెట్టి, వచ్చిన వాళ్లందరికీ ఇల్లు చూపిస్తున్న ఓనరు కూడా ఆ పరిధిలోకి వస్తాడన్నది ఒక వాదన. సొంత మేడ మీది వాటా దుకాణం ఎలా అవుతుందన్నది ఎదుటి వాదన.

ఈ రెండో వాదనకు బలమిచ్చే తీర్పు 2005లోనే వచ్చింది. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ సహకార గృహ సంఘం, పార్సీలకే సభ్యత్వం అని నియమం పెట్టుకుంది. అది చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. సంఘం పెట్టుకునే హక్కులో, ఎవరితో కలిసి ఉండాలో నిర్ణయించుకునే హక్కు కూడా ఉందన్నది కోర్టు ఆలోచన. సంఖ్యలో చాలా చిన్నదైన ఒక సమాజం తన ఉనికి కాపాడుకోవడానికి అది అవసరమని సమర్థించేవాళ్లున్నారు. అదే నియమాన్ని బలమైన కులాలు వాడుకుంటే అగ్రహారాలు మళ్లీ లేస్తాయని భయపడేవాళ్లున్నారు. నాకు రెండో మాటే ఎక్కువ నిజమనిపిస్తుంది. మైనారిటీ తలుపు వేసుకోవడానికీ, ఊరంతా కలిసి ఒకరి మీద తలుపు వేయడానికీ చాలా తేడా ఉంది.

2023 జనవరిలో కౌశల్ కిషోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. 19, 21 అధికరణాల్లోని హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అడగవచ్చని మెజారిటీ తీర్పు చెప్పింది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణంలోనే ఉంది. ఈ దారి అద్దె ఇంటి దాకా వస్తుందా అన్నది ముందు ముందు కోర్టులు చెప్పాలి.

ఇక 17వ అధికరణం సంగతి వేరు. అది అంటరానితనాన్ని రద్దు చేసింది, ప్రభుత్వానికే అనలేదు, ఎవరు పాటించినా నేరమంది. అద్దె వివక్షను నేరుగా పట్టుకోగల చట్టం దాని నుంచే పుట్టింది.

1955 చట్టంలో 'ఇల్లు' అన్న మాట ఉంది

1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి, 1976 సవరణతో పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకున్న ఈ చట్టాన్ని చాలామంది గుడి ప్రవేశానికీ, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతికీ సంబంధించినదనే అనుకుంటారు. 4వ సెక్షన్ జాబితా చివరి దాకా చదివితే, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో ఉండటం అన్న మాటలు కనిపిస్తాయి. అంటరానితనం కారణంగా దీనికి అడ్డుపడితే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల దాకా జరిమానా. 7వ సెక్షన్‌లో 'బహిష్కరణ' అంటే ఏమిటో చెబుతూ, ఇల్లు గానీ భూమి గానీ అద్దెకివ్వడానికి నిరాకరించడాన్ని అందులో చేర్చారు. అంటే అద్దె అన్న విషయం ఈ చట్టం రాసినవాళ్లకు తట్టకపోలేదు.

దీనికన్నా ముఖ్యమైనది 12వ సెక్షన్. ఆ పని ఎస్సీ వ్యక్తి పట్ల జరిగితే, అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. మామూలు క్రిమినల్ కేసులో రుజువు భారమంతా ఫిర్యాదు వైపే ఉంటుంది. ఇక్కడ దాన్ని కొంత అటు తిప్పారు. 'ఓనరు మనసులో ఏముందో ఎలా చూపిస్తాం' అన్న ప్రశ్నకు చట్టం ఏనాడో ఇచ్చిన జవాబు ఇది.

అయినా ఈ చట్టం కింద దేశం మొత్తం మీద ఇటీవలి ఏళ్లలో ఎస్సీల విషయంలో నమోదైన కేసులు ఏడాదికి కొన్ని పదులే. 2022లో ఎస్సీలపై నేరాలుగా నమోదైన మొత్తం కేసులు 57 వేలకు పైనే. ఇంత తేడా రావడానికి ఒక కారణం 1989 చట్టం.

1989 చట్టం: పెద్ద గాయాల కోసం రాసినది

కారంచేడులో దళితుల ఊచకోత 1985లో జరిగింది. దేశమంతా కదిలిన ఆ రోజుల తర్వాత వచ్చిందే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. శిక్షలు పెద్దవి, ప్రత్యేక కోర్టులున్నాయి, దర్యాప్తు చేసేవారు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. మన ప్రాంతంలో ఈ చట్టం పేరు చెబితే గుర్తొచ్చేది లక్ష్మీపేట. వంగర మండలంలోని ఆ ఊళ్లో 2012 జూన్ 12న, మడ్డువలస ప్రాజెక్టు మిగులు భూమి తగాదాలో ఐదుగురు దళితులను చంపేశారు. రక్తం చిందినప్పుడు పనిచేయాల్సిన చట్టంగా ఇది మనసుల్లో నాటుకుంది. అద్దె ఇంటి గేటు దగ్గర జరిగే అవమానానికి కూడా వర్తిస్తుందేమో అన్న ఆలోచన పోలీసులకూ రాదు, బాధితులకూ రాదు.

వర్తిస్తుందా? 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఒక వ్యక్తితో వ్యవహారానికి, వ్యాపారానికి నిరాకరించడం ఆర్థిక బహిష్కరణ అని నిర్వచనం. అద్దె ఒప్పందం కూడా వ్యవహారమే కాబట్టి ఒక్క ఓనరు నిరాకరించినా చాలునని కొందరంటారు. బహిష్కరణ అంటే ఊరో, వీధో కలిసి వెలివేయడమని, ఒక ఇంటి ఓనరు ఒక్కసారి కాదన్నది అంత దూరం రాదని మరికొందరంటారు. ఒకే కాలనీలో ఐదుగురు ఓనర్లు ఒకే మాట మీద ఉన్నారని చూపగలిగితే మొదటి వాదన చాలా గట్టిపడుతుంది. ఎవరికి వారు వేరుగా కాదన్నప్పుడే కష్టం. మన టౌన్లలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

కులం పేరుతో తిట్టడం మీద వేరే క్లాజు ఉంది. దానికి 'పదిమంది చూసే చోట' జరగాలన్న షరతు ఉంది. 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ క్లాజు కిందికి రాదంది. అదే మాట గేటు దగ్గర వీధిలో అంటే ఒక లెక్క, లోపల హాల్లో కూర్చోబెట్టి అంటే ఇంకో లెక్క. బాధ మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఒక వాటా, అడగడానికి వచ్చిన ఐదుగురు

ఇప్పటిదాకా చెప్పింది ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. శ్రీకాకుళం బలగలో ఒక మేడ మీద రెండు గదుల వాటా ఖాళీగా ఉందనుకోండి. ఓనరు కింద ఉంటారు. ఒకే వారంలో ఐదుగురు వచ్చారు. ఐదుగురికీ జీతాలో, స్కాలర్‌షిప్పులో ఉన్నాయి. ఐదుగురికీ "లేదు" అనే సమాధానం వచ్చింది.

మొదటావిడ బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, ఎస్సీ. ఫోన్లో ఖాయం చేశారు, వచ్చి ఇంటిపేరు, ఊరు చెప్పాక కాదన్నారు. ఈమెకు 1955 చట్టం సూటిగా వర్తిస్తుంది, 12వ సెక్షన్ తోడుంటుంది. ఖాయం చేసిన మెసేజ్ ఫోన్లో ఉంటే కారణం మార్చి చెప్పడం ఓనరుకు కష్టమవుతుంది. 1989 చట్టం వర్తిస్తుందని వాదించొచ్చు, గెలుస్తుందన్న హామీ లేదు.

రెండో అతను సీతంపేట ఏజెన్సీ నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన సవర కుర్రాడు. ఎస్టీ కాబట్టి 1989 చట్టం ఉంది. 1955 చట్టంలోని ముందస్తు భావన మాత్రం ఎస్సీల వరకే రాసి ఉంది. "మీ కొండోళ్లు గదులు పాడు చేస్తారు" అని వీధిలో నలుగురి ముందు అంటే కేసుకు ఆధారం ఉంటుంది. మర్యాదగా నవ్వి "లేదు బాబూ" అంటే దాదాపు ఏమీ మిగలదు.

మూడో ఆయన తాతల కాలంలో క్రైస్తవం తీసుకున్న దళిత కుటుంబానికి చెందిన టీచరు. కాదనడానికి కారణం మొదటావిడ విషయంలో ఏమిటో ఇక్కడా అదే. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. మతం మారిన వ్యక్తి 1989 చట్టం రక్షణ కోరలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. ఓనరు దృష్టిలో ఆయన కులం మారలేదు. చట్టం దృష్టిలో మారింది. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు.

నాలుగోది ముస్లిం కుటుంబం. ఓనరు దాపరికం లేకుండా "మా వీధిలో ముస్లింలకు ఇవ్వం" అన్నా, ప్రైవేటు ఓనరు మతం చూసి కాదనడాన్ని నేరం చేసే కేంద్ర చట్టం లేదు. ముస్లింల స్థితిగతుల మీద వేసిన సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ పెట్టాలంది. శశి థరూర్ వివక్ష వ్యతిరేక బిల్లును ప్రైవేటు సభ్యుడిగా లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాలేదు.

ఐదో వ్యక్తి ట్రాన్స్‌జెండర్. 2019 చట్టంలో అద్దె అన్న మాట స్పష్టంగా ఉంది, ఇల్లు అద్దెకు తీసుకోవడంలో వివక్ష చూపకూడదని రాశారు. హెచ్ఐవీ ఉన్నవారికి 2017 చట్టంలో కూడా అలాగే ఉంది. కానీ 2019 చట్టం శిక్షల సెక్షన్‌లో ఇంటి విషయంలో ఉన్నది ఇంట్లోంచో ఊళ్లోంచో వెళ్లగొట్టడం. అసలు లోపలికే రానివ్వకపోతే ఎంత శిక్షో రాయలేదు.

ఐదుగురికి ఐదు రకాల జవాబులు. ఇందులో ఒక క్రమం కనిపిస్తుంది. అద్దె మాట స్పష్టంగా రాసిన కొత్త చట్టంలో పళ్లు లేవు. పళ్లున్న 1989 చట్టంలో అద్దె మాట స్పష్టంగా లేదు. రెండూ కొంచెం కొంచెం ఉన్న 1955 చట్టాన్ని ఎవరూ తీసి చూడరు.

ఎవరి చేతిలో ఏముంది

ఈ చట్టాలన్నీ పార్లమెంటు చేసినవే. అమలు చేయాల్సిన పోలీసులు రాష్ట్రానివారు. భూమి, ఇంటి ఓనరు-అద్దెదారు సంబంధం కూడా రాజ్యాంగం 7వ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోదే. అందుకే అద్దె చట్టాలు రాష్ట్రాలు చేస్తాయి. మనకు 1960 నుంచీ అద్దె నియంత్రణ చట్టం ఉండేది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఒక మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అద్దె అధికారి, అద్దె కోర్టు, ట్రిబ్యునల్ అని మూడంచెలు, ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించొద్దన్న నియమం అందులో ఉన్నాయి. అద్దెదారుని కులమో మతమో చూసి కాదనకూడదన్న క్లాజు లేదు. అద్దె చట్టాలు ఇంట్లోకి వచ్చినవాడిని కాపాడతాయి. గేటు బయట నిలబడ్డవాడు వాటికి ఇంకా అద్దెదారు కాదు.

జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. 1995 నిబంధనల ప్రకారం కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. రాష్ట్ర కమిటీకి ముఖ్యమంత్రి అధ్యక్షుడు, అది ఏడాదికి రెండుసార్లు. ఈ కమిటీలు నమోదైన కేసులు, బాధితులకు ఇచ్చిన పరిహారం చూస్తాయి. కేసే కానిది వాటి బల్ల మీదికి సులభంగా రాదు. అమలుకయ్యే ఖర్చులో కేంద్రం వాటా ఇస్తుంది, కానీ ఏ స్టేషన్లో ఏ ఫిర్యాదు తీసుకోలేదో చూడగలిగేది రాష్ట్రమే.

జాతీయ ఎస్సీ కమిషన్, ఎస్టీ కమిషన్ అధికారులను పిలిపించగలవు, రికార్డులు తెప్పించగలవు. చివరికి చేయగలిగేది సిఫారసు. రాష్ట్ర స్థాయిలో కమిషన్ రావడం వెనక మన జిల్లా మనిషి ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన జస్టిస్ కె. పున్నయ్య ఏకసభ్య కమిషన్‌గా ఉమ్మడి రాష్ట్రంలో తిరిగి, అంటరానితనం, అత్యాచారాల మీద 2001లో నివేదిక ఇచ్చారు. 2003లో ఎస్సీ, ఎస్టీ కమిషన్ చట్టం వచ్చింది.

నగరపాలక సంస్థ ఇంటి ప్లాను ఆమోదిస్తుంది, డోరు నంబరిస్తుంది, పన్ను వసూలు చేస్తుంది. ఏ వీధిలో ఎన్ని వాటాలున్నాయో అందరికన్నా దానికే బాగా తెలుసు. ఆ వాటా ఎవరికి కాదన్నారో అడిగే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు.

అమెరికాలో పై నుంచి కింది దాకా ఎలా కలిపారు

పోల్చడానికి అమెరికా పనికొస్తుంది. మన జిల్లాల పిల్లలు అక్కడ అద్దె ఇళ్లలో ఉంటున్నారు కాబట్టే కాదు, మూడు స్థాయుల ప్రభుత్వాలనూ ఈ పనికి కలిపి కట్టిన చోటు కాబట్టి.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశారు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనకూడదు. 1974లో లింగం, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబాలు చేరాయి. మొదటి ఇరవై ఏళ్లూ కేంద్ర గృహ శాఖకు రాజీ కుదర్చడం తప్ప పెద్ద అధికారం లేదు. 1988 సవరణ తర్వాతే పరిహారం, జరిమానా విధించే యంత్రాంగం వచ్చింది. చట్టం రాయడానికీ, అది కరవడానికీ మధ్య అక్కడా ఒక తరం గడిచింది.

అక్కడి ఏర్పాటులో గమనించాల్సింది, కేంద్రం తానే అన్నీ చేయకపోవడం. ఒక రాష్ట్రంలో గానీ నగరంలో గానీ కేంద్ర చట్టానికి దీటైన చట్టం ఉంటే, ఫిర్యాదును వాళ్లకే పంపి దర్యాప్తుకు డబ్బిస్తుంది. బాధితుడు ఏ తలుపు తట్టినా సరైన బల్లకు చేరుతుంది. ఫిర్యాదు సివిల్ స్వభావం గలది కాబట్టి ఎవరినీ జైలుకు పంపనక్కర్లేదు. ఇల్లు ఇప్పించడం, నష్టపరిహారం, జరిమానా ప్రధానం.

రుజువుకు వాళ్లు కనిపెట్టిన పద్ధతి టెస్టింగ్. ఒకే జీతం, ఒకే ఉద్యోగం, జాతి మాత్రం వేరు అయిన ఇద్దరిని ఒకే ఇంటికి పంపిస్తారు. ఒకరికి లేదని, ఇంకొకరికి ఉందని అంటే అదే సాక్ష్యం. అలా వెళ్లి అబద్ధం విన్న టెస్టరు కూడా కేసు వేయొచ్చని 1982లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇది చదివినప్పుడు విజయనగరంలోని ఆ సాయంత్రం గుర్తొచ్చింది. నేను తెలియకుండానే టెస్టరునయ్యాను. నా సాక్ష్యం ఇవ్వడానికి చోటే దొరకలేదు. మన దేశంలో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో ఇలాగే వేర్వేరు పేర్లతో ఇళ్లు అడిగించి చూసింది. అగ్రకులాల పేర్లకు దొరికినంత సులభంగా దళితులకు దొరకలేదు, ముస్లింలకు ఇంకా కష్టమైంది. ఆ ఫలితం 2015లో పరిశోధనగా అచ్చయింది. కేసుగా మారలేదు.

అయితే అమెరికా చట్టాన్ని అలాగే తెచ్చి పెడితే మనకు సరిపోతుందా అంటే, ఒక మినహాయింపు దగ్గర ఆగాలి. ఓనరు తానూ అదే భవనంలో ఉంటూ, నాలుగు వాటాలకు మించి లేకపోతే చాలావరకు ఆ చట్టం వర్తించదు. సొంత ఇంటి గడపలోకి ప్రభుత్వం రాకూడదన్నది కారణం. (జాతి విషయంలో మాత్రం 1866 నాటి ఇంకో చట్టం వల్ల ఆ మినహాయింపూ దక్కదు.) మన బలగలో, విజయనగరం కంటోన్మెంటులో, కింద ఓనరు, పైన వాటా అన్నదే ఎక్కువ. ఆ మినహాయింపుతో తెస్తే మన టౌన్లలో చట్టానికి దొరికే ఇళ్లు చాలా తక్కువ.

కింది ప్రభుత్వానికి ఇస్తే మంచిదా, పై ప్రభుత్వమా?

2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగర మండలి ఇళ్లతో సహా పలు విషయాల్లో కుల వివక్షను నిషేధించింది. ఒక నగరం చేసిన చట్టం అది, అమలు చేసేది నగర పౌర హక్కుల కార్యాలయమే. శ్రీకాకుళం నుంచి వెళ్లిన అమ్మాయి కులం కారణంగా అక్కడ అద్దె ఇల్లు దొరకలేదని తన నగరానికి ఫిర్యాదు చేయగలదు. ఇక్కడ తన సొంత నగరపాలక సంస్థకు చేయలేదు. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి రాష్ట్ర బిల్లును వీటో చేస్తూ, ఉన్న చట్టాలే కులానికీ సరిపోతాయన్నారు. 'ఉన్నదే చాలు' అనే వాదన, 'పేరు పెట్టి రాయకపోతే ఎవరూ అమలు చేయరు' అనే వాదన అక్కడా ఇక్కడా ఒకటే.

స్థానిక సంస్థకు అధికారమివ్వాలనేవారు దగ్గరతనం గురించి చెబుతారు. ఫిర్యాదుకు విశాఖ, విజయవాడ వెళ్లనక్కర్లేదు. పన్ను, ప్లాను చేతిలో ఉన్న సంస్థ మాట ఓనరు వింటాడు. అనుమానించేవారు చెప్పేదీ నిజమే: వార్డులో గెలిచే మనిషి ఆ ఓనర్ల ఓట్లతోనే గెలుస్తాడు. వీధి పెద్దకు వ్యతిరేకంగా వీధి పెద్దకే ఫిర్యాదు చేయమనడం అవుతుంది. అంబేడ్కర్ గ్రామ పంచాయతీల మీద అపనమ్మకం చూపింది ఈ కారణంతోనే.

పై ప్రభుత్వం మీదే ఆధారపడితే ఏమవుతుందో అమెరికాలో కనిపిస్తోంది. కేంద్ర నిధులు తీసుకునే నగరాలు అన్ని జాతులవారూ కలిసి ఉండే కాలనీలను పెంచాలన్న నియమాన్ని 2015లో తెచ్చారు, 2020లో తీసేశారు, 2021లో కొంత తిరిగి తెచ్చారు, 2025లో మళ్లీ తీసేశారు. అధ్యక్షుడు మారితే అమలు మారింది. సొంత చట్టాలున్న రాష్ట్రాల్లో బాధితులకు పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగిలింది. ఒకే పనికి రెండు మూడు స్థాయుల్లో అధికారం ఉండటం గందరగోళమే. కానీ ఒకటి నిద్రపోతే ఇంకొకటి లేవడానికి అదే ఆధారం.

మన దగ్గర ఇంకో ప్రశ్న కూడా ఉంది. క్రిమినల్ కేసే దారైతే, అద్దె ఇల్లు కావాల్సిన మనిషి ఓనరును జైలుకు పంపే పోరాటం మొదలుపెట్టాలి. ఆమెకు కావాల్సింది జూన్‌లో బడి తెరిచేలోగా రెండు గదులు. సివిల్ పరిహారం, త్వరగా తేల్చే అధికారి ఉంటే ఎక్కువమంది ముందుకొస్తారని నా నమ్మకం. దీనికి వ్యతిరేకంగా దళిత సంఘాల్లో ఒక బలమైన మాట ఉంది: అంటరానితనాన్ని డబ్బుతో సర్దుకునే తగాదాగా మారిస్తే, నేరమన్న స్పృహ పోతుంది. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం.

ప్రభుత్వమే గీసిన గీత

ఓనర్ల గురించే మాట్లాడి ఆపేస్తే సగమే చెప్పినట్టు. అమెరికాలో 1930ల్లో నల్లవారి కాలనీల చుట్టూ ఎర్రగీతలున్న పటాలు గీసింది కేంద్ర ప్రభుత్వ సంస్థే. ఆ చోట్లకు ఇంటి అప్పులు అందలేదు. మన ఊళ్లలో ఆ గీత ప్రభుత్వం కన్నా పాతది. ఊరు ఒక పక్క, పేట ఒక పక్క. కానీ స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం ఇళ్ల స్థలాలిచ్చినప్పుడు ఎస్సీ కాలనీని చాలాచోట్ల ఆ పేట పక్కనే, ఊరి చివరే వేసింది. భూమి దొరికింది అక్కడే, బంధువులు ఉన్నది అక్కడే, అడిగినవాళ్లు కూడా అక్కడే కావాలన్నారు అన్నవి అధికారుల కారణాలు. అవి అబద్ధాలు కావు. పల్లెలో అలా విడిగా పెరిగిన కుటుంబం టౌనుకొచ్చి ఇల్లు అడిగినప్పుడు, ఊరి పేరు, పేట పేరు చెబితే చాలు, ఓనరు ఇంకేమీ అడగనక్కర్లేదు.

నెలాఖరులో మండలాల్లో పౌర హక్కుల దినం జరుపుతారు. రెవెన్యూ, పోలీసు అధికారులు వస్తారు. గుడిలోకి రానిస్తున్నారా, టీ కొట్టులో గ్లాసులు వేరుగా ఉన్నాయా, శ్మశానానికి దారి ఉందా అని అడుగుతారు, 1955 చట్టం గురించి, 1989 చట్టం గురించి చెబుతారు. మంచి పని, ఆగకూడదు. నేను వెళ్లిన ప్రతి సభా ఎస్సీ కాలనీలోనే జరిగింది. టు-లెట్ బోర్డులున్న వీధిలో, ఇళ్ల ఓనర్లను కూర్చోబెట్టి 4వ సెక్షన్ చదివి వినిపించిన సభను నేనింకా చూడలేదు.